వగరు తగ్గేదాకా ఆగేది ఎవరు?

పోయిన నవంబర్లో ఒక ఆదివారం మా కొలీగ్ వాళ్ళ మామగారింటికి భోజనానికి వెళ్ళాం. ఫ్రాన్స్‌లో మేముండే తులూజ్ నుంచి పడమరకి దాదాపు రెండు గంటల డ్రైవ్, ఓష్ అనే ఊరు దాటాక రోడ్డు గుట్టలెక్కుతూ దిగుతూ పోతుంది, మబ్బు లేని రోజైతే ఎడమచేతి వైపు పిరెనీస్ కొండలు మంచుతో తెల్లగా వరసగా కనపడతాయి. పెద్దాయనకి ఎనభై దాటాయి, పొలం కౌలుకిచ్చేసి చాలా ఏళ్ళయింది, కానీ ఇల్లు మాత్రం పాత రైతు ఇల్లే, వంటింటి పక్కనుంచి కిందకి రాతి మెట్లు, కింద చిన్న నేలమాళిగ. అక్కడ్నుంచి ఒక వైన్ సీసా తెచ్చారు, నిలబెట్టకుండా అడ్డంగానే పట్టుకుని, కదిలితే ఏమవుతుందో అన్నట్టు మెల్లగా. లేబుల్ సగం తేమకి ఊడిపోయింది, మిగిలిన సగంలో 2000 అనే అంకె, అంటే పంట ఏడాది, మదిరాన్ అనే పేరు ఉన్నాయి.

దానికి సరిగ్గా రెండు వారాల ముందు మా బాబాయి కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఫ్రాన్స్ వచ్చి వైన్ తాగకుండా వెళ్తే ఎలా అని నేనే సూపర్ మార్కెట్‌కి వెళ్ళి ఏడు యూరోలు పెట్టి ఒక మదిరాన్ తెచ్చా, ఈ చుట్టుపక్కల వైన్ కదా అని. రెండేళ్ళ కిందటి పంట అది. వాడు ఒక గుక్క తాగి, నాలుక రెండుసార్లు చప్పరించి, "ఏంటన్నా ఇది, పచ్చి వక్క నమిలినట్టుంది" అన్నాడు. వాడన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. నాకూ నోరంతా బిగుసుకుపోయింది. గ్లాసులు అలాగే వదిలేసి టీ పెట్టుకున్నాం.

అదే నేల, అదే ద్రాక్ష, అదే పేరు. ఒకటి పచ్చి వక్క, ఇంకొకటి ఎలా ఉందో కింద చెప్తా. ఆ పాత సీసా వయసు ఇరవై నాలుగేళ్ళు. ఆ ఇరవై నాలుగేళ్ళు ఎవరు కాశారు, ఎవరి ఖర్చుతో కాశారు అనేదే ఆ రోజు నుంచి నా బుర్రలో తిరుగుతోంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఇలాంటి వైన్‌ని పచ్చిగా అమ్మేసి "పదేళ్ళు దాచుకుని తాగండి" అని కొనేవాళ్ళ నెత్తిన పెట్టడం సరికాదు, తయారుచేసినవాళ్ళే ఆపి, తాగే స్థితికొచ్చాక అమ్మాలి, అలా ఆగినందుకు మనం ఎక్కువ డబ్బు ఇవ్వాలి. వినడానికి సింపుల్‌గా ఉంది కానీ ఆలోచించేకొద్దీ ఇందులో చాలా చిక్కులున్నాయి, అవన్నీ రాద్దామనే ఈ పోస్టు.

మన దగ్గర ఆ రుచికి పేరుంది

వైన్ గురించి మాట్లాడేవాళ్ళు టానిన్, టానిన్ అంటుంటారు, మొదట్లో నాకది ఏదో పెద్ద విద్య అనిపించేది. మన ఊళ్ళల్లో వైన్స్ అని బోర్డు ఉన్న షాపులో దొరికేది విస్కీ, బ్రాందీ, బీరు కాబట్టి పాతికేళ్ళు వచ్చేదాకా వైన్ రుచే నాకు తెలీదు. తర్వాత అర్థమైంది ఏంటంటే టానిన్ అంటే వగరు, అంతే. షడ్రుచుల్లో ఒకటిగా ఉగాది రోజు పిల్లలకి కూడా చెప్పే రుచి. పచ్చి అరటికాయ తొక్క తీసిన చేతికి పట్టుకునే జిగట, మామిడి పిందె కొరికితే పళ్ళకి తగిలేది, లేత జామకాయ, వక్క, కరక్కాయ. మన లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రొటీన్లు ఉంటాయి, టానిన్ వెళ్ళి వాటిని పట్టుకుంటుంది, దాంతో జారుడు పోయి నోరు గరుకుగా, ఎండిపోయినట్టు అవుతుంది. అందుకే ఇది రుచా స్పర్శా అని వీళ్ళు వాదించుకుంటారు, మనకి ఆ గొడవ లేదు, వగరు అంటే ఊళ్ళో ఎవరికైనా అర్థమవుతుంది.

ఈ మదిరాన్‌లో వాడే ద్రాక్ష పేరు తనా. పేరులోనే టానిన్ ఉంది. నల్లగా, తోలు మందంగా, మామూలు వైన్ ద్రాక్షలో రెండు మూడు గింజలుంటే దీంట్లో నాలుగైదు ఉంటాయంటారు, వగరంతా తోల్లోనూ గింజల్లోనూ ఉంటుంది కాబట్టి లెక్క సరిపోతుంది. రూల్ ప్రకారం తోటలో సగానికి మించి తనానే ఉండాలి, కొంతమంది నూటికి నూరు శాతం అదే వాడతారు, మిగతావాళ్ళు కాస్త మెత్తబడ్డానికి కాబెర్నే ఫ్రాంక్, కాబెర్నే సావిన్యాన్, ఫేర్ అనే ఇంకో లోకల్ రకం కలుపుతారు. బాస్క్ (ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దు ప్రాంతం) మనిషి పాస్కల్ అరియాగ్ 1870 ప్రాంతంలో ఈ తీగనే ఉరుగ్వేలో నాటాడు, చాలాకాలం అక్కడ దాన్ని ఆయన పేరుతోనే పిలిచారు, ఇవాళ ఆ దేశానికి అదే ముఖ్యమైన ద్రాక్ష. ఉరుగ్వేలో చేసే తనా ఇక్కడంత మొండిగా ఉండదు, నేను తాగినవైతే రెండు మూడేళ్ళకే బాగున్నాయి.

మదిరాన్ అన్న పేరు వినగానే మీకూ మదిర గుర్తొచ్చే ఉంటుంది, నాకూ మొదటిరోజు అదే. సంబంధమేమీ లేదు, అదొక చిన్న ఊరి పేరు. ఫ్రాన్స్ నైరుతి మూల గాస్కనీలో మూడు జిల్లాలు కలిసే చోట ఉంది, జెర్స్, ఓట్ పిరెనీస్, పిరెనీస్ అట్లాంటిక్. పదకొండో శతాబ్దంలో బెనెడిక్టిన్ సన్యాసులు ఇక్కడ మఠం కట్టుకున్నారు, స్పెయిన్‌లో శాంతియాగోకి కాలినడకన పోయే యాత్రికులు ఈ దారిన పోతూ ఈ వైన్ తాగేవాళ్ళు, మిగిలింది అదూర్ నది మీద పడవల్లో బయోన్ రేవుకి పోయేది. పందొమ్మిదో శతాబ్దం చివర ఫిలాక్సెరా పురుగు వచ్చి తోటల్ని తినేసింది. 1948లో ఏఓసీ గుర్తింపు (ఇది ఫలానా ప్రాంతపు వైనే అని ఇచ్చే అధికారిక ముద్ర) వచ్చింది కానీ అప్పటికి గుర్తించడానికి మిగిలిన తోట కొద్ది హెక్టార్లే. మళ్ళీ నాటుకుంటూ నాటుకుంటూ తర్వాతి దశాబ్దాల్లో వెయ్యి హెక్టార్లు దాటించారు. ఫ్రాన్స్‌లోనే పెద్ద పేరున్న వైన్ ప్రాంతం బోర్డోలాగా కోటలూ వేలంపాటలూ ఉన్న చోటు కాదు, మొక్కజొన్న, బాతులు, మధ్యలో ద్రాక్ష. ఇక్కడి రైతు చేతులు చూస్తే మా నాన్న చేతులే గుర్తొస్తాయి.

పెద్దాయన నోట్‌బుక్

ఇక ఆ సీసా. కార్క్ సగం దాకా బాగానే వచ్చింది, తర్వాత పొడిపొడిగా విరిగింది, పెద్దాయన ఏమాత్రం కంగారు పడకుండా చిన్న టీ వడకట్టు తెచ్చుకున్నారు. దీపం బదులు మా కొలీగ్ ఫోన్ టార్చ్ పట్టాడు, ఆ వెలుగుకి అడ్డంగా సీసా మెడ పెట్టి గాజు కూజాలోకి సన్నటి ధారగా వంపారు. మూడొంతులు దాటాక ధారలో నల్లటి మడ్డి పొగలాగా కదిలింది, అక్కడ ఠక్కున ఆపేశారు. ఆ మడ్డే ఒకప్పటి వగరు. ఏళ్ళ తరబడి టానిన్లూ రంగూ ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుక్కి దిగిపోతాయి, ఆ కెమిస్ట్రీలో సైంటిస్టులు ఇంకా తేల్చుకోవాల్సినవి ఉన్నాయి కానీ సీసా అడుగున కనపడేది మాత్రం కళ్ళెదురుగా ఉంది.

గ్లాసు వంచి తెల్ల టేబుల్‌క్లాత్ మీద పెట్టి చూస్తే మధ్యలో ముదురు ఎరుపు, అంచుకి వచ్చేసరికి ఇటుక రంగు. వాసన చూశా. మా అమ్మమ్మ వాళ్ళది టంగుటూరు దగ్గర, చిన్నప్పుడు సెలవుల్లో పొగాకు ఆకు కాల్చే బ్యారన్ తలుపు తీసినప్పుడు వేడిగా తియ్యగా ఒక వాసన మొహానికి కొట్టేది, కాలిన ఆకు, చెక్క, మట్టి అన్నీ కలిసి. ముప్పై ఏళ్ళ తర్వాత పిరెనీస్ కొండల కింద, నా భాష తెలియని ఒక ముసలాయన ఇంట్లో ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంది. తాగితే వగరు ఉంది, పోలేదు, కానీ లొంగింది. ఎండు అంజీర్, కాస్త తోలు, వాన పడ్డాక చెట్ల కింద ఆకులు కుళ్ళిన వాసన. మింగేశాక కూడా చాలాసేపు నోట్లోనే ఉంది.

నన్ను అన్నిటికంటే ఆపేసింది ఆయన నోట్‌బుక్. గళ్ళ కాయితం ఉన్న స్కూలు పుస్తకం. ఆ సంవత్సరం పంట డజను సీసాలు కొన్నారట, ఎప్పుడెప్పుడు ఒకటి తెరిచారో అప్పుడల్లా ఒక లైను. మా కొలీగ్ చదివి చెప్పాడు. 2004: ఇంకా లేదు. 2008: ఇంకా లేదు, నోరు విప్పట్లేదు. 2012: వస్తోంది. 2016: వచ్చింది. 2020: బాగుంది. మేం తాగింది ఆరోది. అంటే ఆయన ఒక వైన్ తాగడానికి ఎప్పుడు సిద్ధమవుతుందో కనుక్కోవడం కోసమే రెండు సీసాలు పోగొట్టుకున్నారు. "ముందే తాగేశామని బాధ లేదా" అని అడిగా. "తెరవకపోతే ఎలా తెలుస్తుంది?" అన్నారు.

సరే, ఆయనకి నేలమాళిగ ఉంది, ఓపిక ఉంది, అదే ఊళ్ళో నలభై ఏళ్ళు ఉన్నారు. మనకి?

పాత బియ్యం లెక్క

ఇది రాస్తున్నప్పుడు నాకు పదే పదే బియ్యమే గుర్తొస్తోంది. కొత్త బియ్యం వండితే ముద్దయిపోతుంది, పాతవైతే పలుకు పలుకుగా ఉంటుంది, బాగా ఒదుగుతుంది, అందుకే ఏ ఇంట్లో అయినా "పాతవేనా" అని అడిగి కొంటారు, పాత బియ్యానికి ఎక్కువ రేటు ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. ఆగితే బాగుపడే సరుకు ఏదైనా దాని ధరలో ఆగిన కాలం కూడా ఉంటుందని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

కానీ ఆ ఎక్కువ రేటు ఎవరి చేతికి పోతుంది? మా తాతగారి కాలంలో వాకిట్లో గడ్డితాడు చుట్టి కట్టిన పురి ఉండేది, ధాన్యం అందులో ఏడాది ఉండేది, పాతబడ్డాక ఆడించుకునేవాళ్ళు, మిగిలితే అమ్మేవాళ్ళు. మా నాన్న కాలానికి పురి పోయింది. ఎరువుల కొట్టు అప్పు, కౌలు, నా ఫీజు, అన్నీ కోత అయ్యేసరికి గుమ్మంలో నిలబడి ఉండేవి. కళ్ళంలోనే సాంబ మసూరి బస్తాలు కాటా వేసి ఇచ్చేసేవారు. ఒక సంవత్సరం తేమ 17 శాతం దాటిందని కొనడానికొచ్చినాయన బస్తాకి ఇన్ని కేజీలు కోత పెట్టాడు, నాన్న ఏమీ మాట్లాడకుండా ఒప్పుకున్నారు, నేను పక్కనే నిలబడి ఉన్నా, ఇంటర్ చదువుతున్నా అప్పుడు. మరుసటి ఏడాది అదే ధాన్యం పాత బియ్యంగా టౌన్లో ఎంతకి అమ్ముడుపోయిందో అందరికీ తెలుసు. పండించింది ఒకరు, ఆగినందుకు లాభం ఇంకొకరిది, ఎందుకంటే ఆగగలిగింది వాళ్ళే.

వైన్‌లో కూడా ఇదే ఇంకో రూపంలో జరుగుతోందని నా వాదన. బోర్డోలో పంట కోసిన మరుసటి వసంతంలోనే, వైన్ ఇంకా పీపాల్లో ఉండగానే, కాయితం మీద అమ్మేస్తారు, సీసా చేతికొచ్చేది ఇంకో ఏడాదిన్నర రెండేళ్ళకి, తాగడానికి తయారయ్యేది ఇంకో పదేళ్ళకి. ఆ పదేళ్ళూ ఎవరో ఒక వ్యాపారి గోడౌన్లోనో, డబ్బున్నవాళ్ళ సెల్లార్లోనో గడుస్తాయి, ధర పెరిగితే వాళ్ళకే. షాతో లాతూర్ అనే బోర్డో ఎస్టేటు వాళ్ళు 2012లో ఈ పద్ధతి నుంచి బయటికి వచ్చేసి, మేమే దాచుకుని తయారయ్యాక అమ్ముతాం అన్నారు. అంత డబ్బున్న ఎస్టేటు ఆ పని చేయడంలో గొప్పేముంది అనొచ్చు, నిజమే, కానీ చేయాల్సిన పని అదేనని అంత పెద్ద పేరున్నవాళ్ళు ఒప్పుకున్నట్టే కదా. స్పెయిన్‌లోని రియోహా వైన్ ప్రాంతంలో అయితే లేబుల్ మీద గ్రాన్ రెజెర్వా అని రాయాలంటే మొత్తం ఐదేళ్ళు, అందులో కనీసం రెండేళ్ళు పీపాలో, ఆపి తీరాలని రూలే ఉంది. మామూలు ఉద్యోగస్తుడు షాపుకి వెళ్ళి వయసొచ్చిన వైన్ కొని ఆ రాత్రికే తాగగలుగుతున్నాడంటే ఆ రూల్ పుణ్యమే.

మదిరాన్‌లో దాదాపు ఏడాది ఆపితే చాలు, అమ్మేయొచ్చు. తనా లాంటి ద్రాక్షకి ఏడాది ఏ మూలకి? మా తమ్ముడి మొహమే సాక్ష్యం.

ఇల్లు కాని ఇంట్లో దాచడం

"దాచుకోండి" అనే సలహా పాటించి చూశాను కూడా. ఈ ఊరొచ్చిన కొత్తలో నాలుగు మంచి మదిరాన్‌లు కొన్నా, మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు, సెల్లార్ లేదు, బీరువా అడుగున బట్టల కింద పెట్టా, చీకటిగా ఉంటుంది కదా అని. 2019 ఎండాకాలం గుర్తుండే ఉంటుంది ఇక్కడున్నవాళ్ళకి, తులూజ్‌లో దాదాపు నలభై డిగ్రీలు, ఏసీ లేని ఇల్లు, రాత్రిళ్ళు కూడా గోడలు వేడిగానే ఉండేవి. సెప్టెంబర్లో తీసి చూస్తే ఒక సీసా కార్క్ పైకి పొడుచుకొచ్చి ఉంది, చుట్టూ జిగటగా ఎర్రటి మరక. తెరిస్తే ఉడికిన జామ్ వాసన. మిగతా మూడూ అంతే, వగరు అలాగే ఉంది, పండు వాసన మాత్రం పోయింది. ఐదేళ్ళ ఆశ, నూరు యూరోల పైచిలుకు డబ్బు.

అందుకే అంటున్నా, అద్దె ఇళ్ళల్లో, ఇరవై ఎనిమిదో ముప్పయ్యో చదరపు మీటర్లలో బతికేవాళ్ళకి "దాచుకో" అనడం అంటే నీకు ఈ వైన్ లేదు అని చెప్పడమే. పన్నెండు పదమూడు డిగ్రీలు, తేమ, చీకటి, కదలకుండా ఉండాలి. అది తయారుచేసేవాళ్ళ దగ్గర ఎలాగూ ఉంటుంది, అందుకే కట్టుకున్నారు.

బుడగల సంగతి

ఇక్కడ నాకు నేనే అడ్డం తిరిగిన విషయం ఒకటుంది. ఆగే పని లేకుండా వగరు తగ్గించే పద్ధతి కనిపెట్టింది కూడా ఈ మదిరాన్ వాళ్ళే. పాట్రిక్ దుకుర్నో అనే ఆయన, ఇక్కడి వైన్ రైతే, 1990ల మొదట్లో ట్యాంకు అడుగున సన్న రంధ్రాల సిరామిక్ ముక్క ఒకటి పెట్టి, దాంట్లోంచి కొద్ది కొద్దిగా ఆక్సిజన్ బుడగలు వదిలి చూశాడు. పీపా చెక్కలోంచి ఏళ్ళ తరబడి చొరబడే గాలిని కొలిచి ఇచ్చినట్టన్నమాట. 1996లో యూరప్ అంతటా దీనికి అనుమతి వచ్చింది, బోర్డో నుంచి కాలిఫోర్నియా దాకా వాడుతున్నారు.

మొదట విన్నప్పుడు నాకు నచ్చలేదు. కార్బైడ్ పెట్టి మామిడికాయలు మగ్గబెట్టినట్టు అనిపించింది. అదే మాట ఇక్కడ ఒక చిన్న వైనరీలో, ముప్పై అయిదేళ్ళుంటాయేమో, ఒకమ్మాయి నడుపుతోంది, ఆమెతో అన్నా. ఆమె కోపం తెచ్చుకోలేదు కానీ ఒక గ్లాసు పట్టుకుని ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళింది. కుళాయి తిప్పి పట్టి ఇచ్చింది, వాసన చూస్తే ఉడికిన కోడిగుడ్డు పెంకు వాసన. "తనాకి ఊపిరాడదు. గాలి ఇవ్వకపోతే ఇలా అవుతుంది. పాతకాలంలో ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి మళ్ళీ మళ్ళీ మార్చి గాలి తగిలించేవాళ్ళు, నేను బుడగలు వదులుతున్నా. నీ మామిడికాయ కాదు ఇది" అంది. నేను తప్పుగా పోల్చానని ఒప్పుకున్నా. ఇప్పటికీ ఒప్పుకుంటా.

పైగా ఆ బుడగలు లేకపోతే ఈ ప్రాంతం నిలబడేదా అన్నది కూడా ఆలోచించాలి. 1980లో అలాన్ బ్రూమోన్ అనే ఆయన ఇక్కడ షాతో మోంతూస్ అనే ఎస్టేటు కొని, కాపు తగ్గించి, 1985 పంటతో పూర్తిగా తనాతోనే, కొత్త ఓక్ పీపాల్లో ఒక వైన్ చేసి, అనామకంగా ఉన్న ఊరికి పెద్ద పేరు తెచ్చాడు. కానీ అందరూ బ్రూమోన్‌లు కాలేరు, కొత్త పీపా ఒక్కోటి వందల యూరోలు. పదిహేను హెక్టార్ల రైతుకి ట్యాంకూ బుడగలే దిక్కు.

కాబట్టి నా గొడవ బుడగల మీద కాదు. అవి చేసేది పీపా పని, సీసాలో గడిచే పదిహేనేళ్ళ పని వాటి చేతిలో లేదు. వగరు కాస్త తగ్గుతుంది, ఆ బ్యారన్ వాసన రాదు. వగరు తగ్గింది కదా, ఇంక ఆగే పనేముంది అని అమ్మేవాళ్ళు అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. ఆగకుండానే తాగగలిగే వైన్ వచ్చాక, ఆగితే ఏమవుతుందో తెలిసినవాళ్ళు తగ్గిపోతారు. ఆ నోట్‌బుక్ రాసే అలవాటు ఆయనతోనే పోతుంది.

ఎదురు ప్రశ్నలు

ఈ విషయం ఆ అమ్మాయినే అడిగా, నువ్వే ఎందుకు ఆపుకుని అమ్మవు అని. "ఏ డబ్బుతో?" అంది. లెక్క చెప్పింది, నేను ఇంటికొచ్చి మళ్ళీ వేసుకున్నా. 10 యూరోల సీసాని 8 ఏళ్ళు ఆపితే, ఏడాదికి 4 శాతం వడ్డీ అనుకున్నా, 13 యూరోల 70 సెంట్లు అవుతుంది. అందులో గోడౌన్ కరెంటు, ఇన్సూరెన్స్, చెడిపోయిన కార్కులు లేవు. ఆ ఎనిమిదేళ్ళూ ప్రతి ఏడాదీ తోట ఖర్చు మాత్రం చేతినుంచి పెట్టాల్సిందే. మా నాన్న కళ్ళమే మళ్ళీ. ఆపమని నేను సులువుగా అంటున్నా, ఆగలేని ఇంట్లో పెరిగినవాణ్ణి నేనే కదా, నాకే ముందు తెలియాలి.

ఎరుపు వైన్ తాగేవాళ్ళు ఫ్రాన్స్‌లోనే ఏటేటా తగ్గిపోతున్నారు. 2024లో ప్రభుత్వం తోట శాశ్వతంగా పీకేస్తే హెక్టారుకి 4000 యూరోలు ఇస్తామని స్కీమ్ పెట్టింది. పెద్దాయన పొలం కౌలుకి చేస్తున్న కుర్రాడు అప్లై చేయాలా వద్దా అని ఆ రోజు భోజనం మధ్యలోనే వచ్చి అడిగి వెళ్ళాడు. పెద్దాయన అవుననలేదు, కాదనలేదు. అలాంటి పరిస్థితిలో ఎనిమిదేళ్ళు ఆపు అనడం ఎంతవరకు న్యాయం?

ఇంకో మాట కూడా వినపడుతుంది, పాతదంటే గొప్ప అనేది ఒట్టి భ్రమ అని. ఇది చాలావరకు నిజం. ఎక్కువ శాతం వైన్లు ఒకటి రెండేళ్ళలో తాగేయాల్సినవే, ఆపితే చెడిపోతాయి. ఆపదగ్గవి కూడా అన్నీ బాగుపడవు, ఆన్‌లైన్‌లో ఒక షాపులో నేను కొన్న పాత సీసా ఒకటి తెరిస్తే తడిసిన గోనెసంచి వాసన, కార్క్ చెడింది, వాళ్ళు డబ్బు వెనక్కివ్వలేదు. నేను చెప్పేది వగరు ఎక్కువుండి, పులుపు ఉండి, ఆగడం కోసమే పుట్టిన ఈ కొద్ది రకాల గురించే.

ఆరోగ్యం మాట ఎత్తేవాళ్ళున్నారు. 2006లో రోజర్ కోర్డర్ అనే శాస్త్రవేత్త నేచర్ పత్రికలో ఈ ప్రాంతపు వైన్లలో ప్రోసయనిడిన్లు (టానిన్ల జాతి పదార్థాలు) ఎక్కువని, ఇక్కడ ముసలివాళ్ళు ఎక్కువకాలం బతుకుతున్నారని రాశాక మదిరాన్ గుండెకి మందు అని ప్రచారమైపోయింది. ఆ మాట పట్టుకుని అమ్మడం నాకు ఇష్టం లేదు. మద్యం ఏ మోతాదులోనూ క్షేమం కాదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. మన ఊళ్ళల్లో తాగుడుతో పోయిన ఇళ్ళు నేను దగ్గర్నుంచి చూశా, మా అమ్మ ఇప్పటికీ నేను వైన్ గురించి రాస్తే చదవదు. ఆమె బాధ నాకర్థమవుతుంది. నెలకొక సీసా నలుగురం పంచుకుంటాం, అంతకంటే ఎక్కువ తాగడానికి కారణంగా దీన్ని ఎవరూ తీసుకోవద్దు.

అయినా నా మాట మీద ఎందుకు నిలబడుతున్నానంటే, ఆ 13 యూరోల 70 సెంట్ల లెక్కే కారణం. ఖర్చులన్నీ కలిపి 18, 20 యూరోలు అనుకుందాం. ఎనిమిదేళ్ళు సరైన మాళిగలో పడుకుని, తాగడానికి తయారై, కొన్న రాత్రికే తెరవగలిగే సీసా 20 యూరోలు అంటే అది ఎక్కువా? పేరున్న బోర్డోకి జనం వందలిస్తున్నారు, అది పచ్చిగా ఉన్నా సరే. పాత బియ్యానికి కేజీకి ఎక్కువిచ్చే మనిషి ఇక్కడ మాత్రం ఎందుకివ్వడు? ఆ రేటుకి కొనేవాళ్ళున్నారని తెలిస్తే అందరూ కాకపోయినా కొందరు, పంటంతా కాకపోయినా పదో వంతు ఆపుతారు. సహకార సంఘాలకైతే ఇంకా సులువు, వాళ్ళకి జాగా ఉంది, బ్యాంకు అప్పు పుడుతుంది, ఒక్క రైతు మీద భారం పడదు. పురి ఒక్కరి వాకిట్లో లేకపోతే ఊరంతటికీ కలిపి ఒకటి ఉండొచ్చు కదా.

ఆ అమ్మాయిని చివర్లో అడిగా, ఏమీ ఆపలేదా అని. కాసేపు ఆలోచించి లోపలికి వెళ్ళి వాళ్ళ నాన్న చేసిన 2010 సీసాలు చూపించింది, రెండు పెట్టెలు మిగిలాయి, లేబుల్ కూడా అంటించలేదు, సుద్దముక్కతో అంకె రాసి ఉంది. "వీటిని ఎవరూ అడగలేదు, అందుకే ఉన్నాయి" అంది. ఎంతకిస్తావంటే కొత్తవాటి ధరే చెప్పింది, 11 యూరోలు. నేను 20 ఇచ్చి మూడు తీసుకున్నా. ఆమె వద్దంది, ఎక్కువ అంది. పద్నాలుగేళ్ళు మీ ఇంట్లో ఉన్నాయి కదా, అద్దె అనుకో అన్నా. నవ్వి తీసుకుంది, ఆ పెట్టె మీద సుద్దతో 20 అని రాసింది.

మొన్న సంక్రాంతి వారంలో ఒకటి తెరిచాం, కారం తగ్గించి మిరియాలతో చేసిన మటన్‌తో. పచ్చిమిరపకాయ ఘాటుకి వగరు తోడైతే నోరు మండిపోతుంది, అది ఇదివరకే నేర్చుకున్న పాఠం. పెద్దాయన 2000 సీసా అంత లోతు లేదు, కానీ వక్క పోయింది. మా తమ్ముడికి ఫోటో పంపితే "నాకు దాచు" అని మెసేజ్ పెట్టాడు. మిగతా రెండూ నా బీరువాలో పెట్టలేదు. పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళి ఇచ్చేశా, ఎడమవైపు మూడో అరలో పెట్టి నోట్‌బుక్ తీశారు, నా పేరు ఎలా రాయాలో రెండుసార్లు అడిగి, పక్కన 2010 అని వేసి, మేం తాగినదాని గురించి ఏం రాయమంటావని అడిగారు. "వస్తోంది" అని రాయమన్నా.